మహారాజరాజశ్రీ

గూడూరు సబ్ కలెక్టరాఫీసు దగ్గర సోమవారం పొద్దున జనం ఎక్కువ. అర్జీలిచ్చుకునే రోజు. గేటు బయట చెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అర్జీలు రాసిపెట్టే మనిషి ఒకాయన ఉంటాడు. ఒళ్లో పరీక్ష అట్ట, దానికి క్లిప్పు పెట్టిన తెల్ల కాయితాలు, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఆ మధ్య అటుగా పోతూ నిలబడ్డాను. చిల్లకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇంటిస్థలం పట్టా గురించి రాయించుకుంటోంది. ఆయన ‘గౌరవనీయులైన సబ్ కలెక్టర్ గారికి’ అని మొదలుపెట్టి, రాసినంత వరకు చదివి వినిపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. “అట్టా కాదు నాయనా. మా ఇంటాయన ఉన్నప్పుడు మారాజరాజశ్రీ అని రాపిచ్చేవోడు. అట్టనే రాయి” అంది. ఆయన విసుక్కోలేదు. ఇంకో కాయితం తీసుకుని, మహారాజరాజశ్రీ సబ్ కలెక్టర్ గారి దివ్య సముఖమునకు, అని అక్షరాలు కాస్త పెద్దవి చేసి రాశాడు. అప్పుడామె కుదుటపడి వేలిముద్ర వెయ్యడానికి చెయ్యి చాచింది.

ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. బిరుదులు ఇవ్వనని, పుచ్చుకోనివ్వనని రాజ్యాంగం పద్దెనిమిదో అధికరణంలో 1950లోనే రాసుకున్న దేశం మనది. సైన్యంలో హోదాలకు, చదువుల పట్టాలకు తప్ప మినహాయింపు లేదు. అటువంటి చోట మూడు సెంట్ల స్థలం కోసం వచ్చిన మనిషి, ప్రజల జీతం తీసుకునే ఉద్యోగిని మహారాజుగా చేసి గానీ నోరు విప్పకూడదని ఎందుకనుకుంటోంది? మొదట నాకు బాధే కలిగింది. తర్వాత ఆమె గొంతు గుర్తొచ్చింది. అందులో వేడుకోలు లేదు. మన నిమ్మకాయల మార్కెట్లో కాటా దగ్గర నిలబడి తూకం సరిగ్గా పడిందా లేదా అని చూసుకునే రైతు గొంతులా ఉంది అది. ఆమె ఆ మాటను దండం పెట్టడానికి వాడిందా, లేక ఇంకేదైనా పని చేయించడానికా?

మా తాతది బాలాయపల్లి దగ్గర పల్లె. వెంకటగిరి ఎస్టేటు రైతు. ఆయన రేకుపెట్టెలో దారంతో కట్టిన పోస్టుకార్డుల కట్ట ఒకటుండేది. చాలావరకు మా నాన్న తన మామగారికి, అంటే తాతకు రాసినవి. తాతకు వచ్చిన ప్రతి కార్డూ మ.రా.రా.శ్రీ అనే మొదలయ్యేది. వెంకటగిరి రాజాగారికి శిస్తు కట్టడానికి దివాణం గుమాస్తా ముందు తలపాగా తీసి నిలబడిన మనిషి, తపాలాబంట్రోతు కార్డు చేతిలో పెట్టిన నిమిషాన మాత్రం మహారాజు, రాజులకు రాజు. ఆ రోజుల్లో తెలుగునాట చదువొచ్చిన ప్రతి ఇంటికీ ఇదే మర్యాద. బడిపంతులు, కరణం, షావుకారు, సన్నకారు రైతు, అందరూ మ.రా.రా.శ్రీలే. ఇంతమంది మహారాజులున్న దేశం ఇంకెక్కడైనా ఉందా అని ఆలోచిస్తే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఆ కట్టలో అడుగున ఉన్న కార్డులు వేరే సంగతి చెబుతాయి. తాత పోయాక నాన్న మా అవ్వకు రాసినవి అవి. అందులో ‘గంగాభాగీరథీ సమానురాలైన అత్తగారికి’ అని ఉంటుంది. గంగతో సమానం అన్న ఆ గొప్ప పిలుపు మొగుడు పోయిన ఆడమనిషికే. అదే పెట్టెలో మా అమ్మ పేరు మీద వచ్చిన కార్డులకు ముందు చి.ల.సౌ. అని ఉంది. అదీ మొగుడున్నంత వరకే. తాతకు వచ్చిన బిరుదు ఆయన బతికినంత కాలం మారలేదు. అవ్వది మాత్రం తాత ఆయుష్షును బట్టి మారింది. నాన్న మంచివాడు, అత్తగారంటే ప్రాణం పెట్టేవాడు. అయినా ఆ మాట రాయకుండా ఉండలేకపోయాడు. ఆ కార్డులు అందుకున్నప్పుడల్లా అవ్వకు ఏమనిపించి ఉంటుంది? ఆమెకు చదువు రాదు, పక్కింటి పిల్లలు చదివి వినిపించేవాళ్లు. ఉత్తరం విన్న ప్రతిసారీ మొదటి మాటే ఆ సంగతి గుర్తుచేసేది.

ఈ మాటలు ఇళ్లలోకి ఎట్లా వచ్చాయో చూద్దామని శాసనాల పుస్తకాలు తిరగేశాను. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనాల్లో ఒకటి కడప జిల్లా కలమళ్లది. సుమారు 575 నాటిది. అందులో రేనాడును ఏలిన ఎరికల్ ముతురాజు ధనంజయుడి పేరుంది. ధనంజయుడు ఆయన పేరైతే, ముతురాజు ఆయన హోదా. అంటే మన భాష రాతి మీద నిలబడిన కొత్తలోనే పేరూ బిరుదూ జంటగా నిలబడ్డాయి. తర్వాత వచ్చిన వందల ఏళ్లలో రాజుల పేర్ల ముందు బిరుదులు పేరుకుపోయి, పేరు కోసం వెతుక్కోవలసిన పరిస్థితి వచ్చింది. మహామండలేశ్వరుడన్న మాట వింటే ఎంత పెద్ద రాజో అనిపిస్తుంది కదా. నిజానికి అది ఇంకొకరికి లోబడి ఉన్న సామంతుడి బిరుదు. విజయనగరం కట్టిన హరిహర బుక్కరాయలు కూడా మొదట్లో ఆ మాటతోనే సరిపెట్టుకున్నారు. రాజాధిరాజు లాంటి బిరుదులు రెండో హరిహరరాయల కాలానికి గానీ స్థిరపడలేదు. మన నెల్లూరి చోళులదే చూడండి. గండగోపాలుడన్నది తిక్కభూపాలుడి బిరుదు. ఆ తర్వాత కంచిని ఏలిన విజయ గండగోపాలుడికి వచ్చేసరికి అదే పేరైపోయింది. చంద్రగిరి సాళువులకూ అంతే. సాళువ అంటే వేటడేగ. పూర్వీకుడు మంగిదేవుడు యుద్ధంలో చూపిన తెగువకు వచ్చిన ఆ మాట ఇంటిపేరుగా మారి, మునిమనవడు సాళువ నరసింహరాయలతో పాటు విజయనగర సింహాసనం ఎక్కింది. డేగలా దూకినవాడు ఒక్కడు. ఆ తర్వాత పుట్టిన వాళ్లందరూ ఊయల్లోనే డేగలు.

మాకు దగ్గరి ఉదాహరణ వెంకటగిరి. గూడూరు నుంచి రేణిగుంట వైపు రైలెక్కితే దారిలోనే స్టేషను. నేత చీరలకు, పోలేరమ్మ జాతరకు పేరుబడ్డ ఊరు. అక్కడి వెలుగోటి రాజుల పేర్ల చివర ‘యాచేంద్ర’ అని ఉంటుంది. అది వాళ్ల పూర్వీకుల్లో తరతరాలుగా నడిచిన యాచమ అన్న పేరు నుంచి వచ్చింది. ఆ యాచముల్లో ఒకరి కథ నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1614లో, చంద్రగిరి, వెల్లూరుల నుంచి విజయనగర రాజ్యాన్ని ఏలిన వెంకటపతిరాయలు కన్నుమూస్తూ తన అన్న కొడుకు శ్రీరంగరాయలను వారసుడిగా నిలబెట్టాడు. గొబ్బూరి జగ్గరాయడనే సర్దారు అది ఒప్పుకోక శ్రీరంగరాయలను కుటుంబంతో సహా ఖైదు చేశాడు. చివరకు అందరినీ చంపించాడు. ఆ ఇంట ఒక్క పిల్లవాడు మిగిలాడు, రామదేవుడు. వెలుగోటి యాచమనాయుడు ఆ పిల్లవాడి పక్షాన నిలబడి, తంజావూరు రఘునాథ నాయకుడి సాయంతో 1616–17 ప్రాంతంలో కావేరి ఒడ్డున తోపూరు దగ్గర జగ్గరాయడిని ఓడించాడు. దక్షిణదేశం నాయకులందరూ ఏదో ఒక పక్షం పట్టిన యుద్ధమది. ఆ గెలుపుతో వెలుగోటి వారి కీర్తి ఆకాశానికెక్కింది. వారి వంశావళి నిండా పద్యాలూ బిరుదులే.

కానీ ఆ పిల్లవాడు ఖైదులోంచి బయటికి ఎట్లా వచ్చాడు? అప్పట్లో దక్షిణదేశంలో ఉన్న బర్రదాస్ అనే పోర్చుగీసు క్రైస్తవ గురువు 1616లో రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఉంది. రాజకుటుంబం బట్టలు ఉతకడానికి లోపలికి పోయివచ్చే చాకలి ఒకడు, ఆ పిల్లవాడిని బట్టల మూటలో పెట్టి బయటికి చేర్చాడు. కాపలావాళ్ల కళ్ల ముందు నుంచే. మూట కదిలి ఉంటే? పిల్లవాడు దగ్గి ఉంటే? ఆ మనిషి తలతో పాటు ఇంటిల్లిపాదీ పోయేవాళ్లు. విజయనగరం రాజవంశం ఆ రోజున ఆ చాకలి భుజం మీద ఉంది. యాచమనాయుడి సాహసం గొప్పదే, నేను దాన్ని తగ్గించడం లేదు. కానీ అంత ప్రాణగండం మీదికి తెచ్చుకున్న మనిషికి బిరుదు మాట అటుంచి, పేరైనా మనదాకా రాలేదు. ఆ కథను ఎక్కడ చదివినా చాకలి అనే ఉంటుంది. నాయకులకు గుర్రాల లెక్కా ఏనుగుల లెక్కా చెప్పిన వాళ్లు ఆ ఒక్క పేరు అడగలేదు. అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్లు. ఊరందరికీ తెలిసే ఉంటుంది కదా. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ప్రబంధాల్లోని పొడుగాటి బిరుదుల వరసలు చదవాలనిపించదు.

వెలుగోటి వారికి తర్వాత తర్వాత ఇంకో బిరుదు కూడా చేరింది. పంచహజారీ మన్సబ్‌దార్. మొగలాయీ కొలువులో అయిదువేల హోదా గల సర్దారు అని దానర్థం. 1802లో ఇంగ్లీషు కంపెనీ శాశ్వత శిస్తు సనదు ఇచ్చాక జమీందారులకు సైన్యాల పని పోయింది. ఇక వాళ్ల పని శిస్తు వసూలు చేసి కంపెనీకి పేష్కష్ కట్టడం. అయినా వందేళ్ల తర్వాత కూడా ఆ అయిదువేలు పేరు ముందు నడుస్తూనే ఉన్నాయి. దాని వెనకే ఇంగ్లీషువాడి ‘సర్’ కూడా వచ్చి చేరింది. ఇదంతా ఆడంబరమేనా? అట్లా కొట్టిపారెయ్యడానికి మనసొప్పదు. ఆ రాజులే నెల్లూరులో పెట్టిన కాలేజీలో మా వైపు ఎన్ని తరాలు చదువుకున్నాయో! వి.ఆర్. కాలేజీ అంటారు అందరూ. ఆ రెండక్షరాల్లో వెంకటగిరి రాజా ఉన్నాడు.

తెల్లదొరలు బిరుదులకు నిచ్చెన కట్టారు. కింది మెట్టు రావు సాహెబ్, దాని పైన రావు బహదూర్, ఆ పైన దివాన్ బహదూర్. కొత్త సంవత్సరం రోజున, చక్రవర్తి పుట్టినరోజున గెజిట్‌లో జాబితాలు పడేవి. కందుకూరి వీరేశలింగం గారికి 1893లో రావు బహదూర్ వచ్చింది. జనం ఆయన్ని గద్య తిక్కన అన్నారు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి భారతం రాసిన కవిబ్రహ్మ పేరును, ఆరు వందల ఏళ్ల తర్వాత గోదావరి ఒడ్డున వచనం రాసిన ఒక పంతులుగారికి కట్టబెట్టారు. ఇప్పుడు ఏ బడిలో పిల్లవాణ్ని అడిగినా గద్య తిక్కన ఎవరో చెబుతాడు. రావు బహదూర్ సంగతి అడిగితే తడుముకుంటాడు. సర్కారు ముద్ర వేసి ఇచ్చింది వాడిపోయి, ఎవరు మొదట అన్నారో కూడా తెలియని మాట ఎందుకు నిలబడింది? గాంధీగారు బిరుదులు వాపసు చెయ్యమన్న కాలంలో తెలుగువాళ్లు ఊరికే వాపసు చేసి ఊరుకోలేదు, తమ బిరుదులు తామే ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. దేశభక్త కొండా వెంకటప్పయ్య, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు ఆంధ్రకేసరి అయ్యాడు. గవర్నరు దర్బారు ఒకటి నడుస్తుండగానే జనం దర్బారు ఒకటి పక్కన వెలిసింది. దానికి సనదులు లేవు, జాగీర్లు లేవు. బిరుదుతో పాటు దొరికేది చాలాసార్లు జైలు.

అన్నమయ్య కథ ఇక్కడ తలుచుకోవాలి. మన తిరుపతి కొండ నీడలో జరిగిన బతుకు అది. సాళువ నరసింహరాయలు ఆయన పదం విని పరవశించి, తన మీద అటువంటిదొకటి చెప్పమన్నాడట. హరిని కీర్తించిన నోటితో నరుణ్ని కీర్తించలేనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడని, రాజు సంకెళ్లు వేయించాడని ఆయన మనవడు చిన్నన్న ద్విపద కావ్యంలో రాశాడు. ఇద్దరూ స్నేహితుల్లాంటి వాళ్లు. రాజు ఏం పోగొట్టుకున్నాడని అంత కోపం? రాజ్యం ఉంది, డేగ ఇంటిపేరుంది, బిరుదులు చదవడానికి వందిమాగధులున్నారు. అయినా ఒక్క మనిషి ఇష్టంగా అనాల్సిన మాట దొరకలేదు. తెప్పించుకున్న మాట వేరు, వచ్చిన మాట వేరు అని ఆయనకు తెలిసే ఆ కోపం వచ్చి ఉంటుంది. అన్నమయ్యను తర్వాతి వాళ్లు పదకవితా పితామహుడన్నారు. ఆ పిలుపుకు ఏ రాజు అనుమతీ అక్కర్లేకపోయింది.

ఇంతదూరం తిరిగాక ఆ పెద్దావిడ సంగతి నాకు కొంత తేటపడుతోంది. మహారాజా అని పిలవడం ఒకప్పుడు ఊరికే పొగడ్త కాదు. మన పల్లెల్లో అడిగేవాడు ఇచ్చేవాణ్ని మొదట ఎత్తున కూర్చోబెడతాడు. కూర్చున్నాక ఆ ఎత్తుకు తగ్గట్టు నడుచుకోవలసిన బరువు ఇచ్చేవాడి మీద పడుతుంది. ‘మారాజులు మీరే అట్టంటే ఎట్ట’ అన్న మాట నేను చిన్నప్పుడు కళ్లంలో ఎన్నిసార్లు విన్నానో. అందులో వినయం ఎంతుందో నిలదీయడం అంతే ఉంది. ఆమె భర్త ఎన్నో ఏళ్లు ఆ మాటతోనే అర్జీలు పెట్టాడు. పని అయిందో లేదో నాకు తెలియదు. పట్టా కోసం ఇప్పటికీ వస్తోందంటే అయి ఉండదు. అయినా ఆ మాటను ఆమె వదలలేదు. ఎదుటివాడి బాధ్యతను కాయితం మీద మొదటి వరసలోనే రాయించి పెట్టుకోవాలన్న పట్టుదల అది అని నాకిప్పుడు అనిపిస్తోంది. ఇది నా మనసు సమాధానపరచుకోవడమేనేమో అన్న శంక లేకపోలేదు. బానిసత్వానికి అందమైన అర్థం చెప్పడం కూర్చుని రాసేవాడికి తేలికే. మా తాత తలపాగా తీసి నిలబడ్డప్పుడు ఆ గుమాస్తాకు ఏ బరువూ తెలిసి ఉండదు.

అందుకే ఆ పిలుపు మానేసిన వాళ్ల కథ కూడా మా జిల్లాదే అయినందుకు నాకు గర్వంగా ఉంటుంది. వెంకటగిరి ఎస్టేటు రైతులు 1930ల తొలినాళ్లలో అడవుల్లో పశువుల మేత హక్కు కోసం తిరగబడ్డారు. వాళ్ల గోడు మోసిన నెల్లూరు వారపత్రిక పేరు ‘జమీన్ రైతు’. దివ్య సముఖమునకు అని దండం పెట్టి రాసుకున్న కష్టాలే అందులో అచ్చులో పడి, జిల్లా అంతా చదివింది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. రాజాగారి శిస్తు సర్కారు శిస్తు అయింది. మా తాత మాత్రం చివరిదాకా రాజాగారనే అన్నాడు, పగ లేకుండా.

పేరుకు అంటిన గొప్పను వదులుకున్న వాళ్లలో ఇంకొకాయన, నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి. భూస్వాముల ఇంటి బిడ్డ. పేరు చివరి ‘రెడ్డి’ ఊళ్లో ఎన్ని తలుపులు తెరుస్తుందో, ఎందరి తలుపులు మూస్తుందో చూసి, ఆ తోక తీసేసి సుందరయ్యగా మిగిలాడు. ఇచ్చిన బిరుదు వాపసు చెయ్యడానికి ఒక ఆఫీసుంటుంది. పుట్టుకతో వచ్చింది ఎవరికి వాపసు చెయ్యాలి? ఆయన తన సంతకంలోంచి చెరిపేశాడు. ఆస్తి కూడా ఉద్యమానికే ఇచ్చేశాడు. పార్లమెంటుకు సైకిలు మీద పోయాడు. తోటివాళ్లు పి.ఎస్. అన్నారు. పార్టీ బయటి జనం కమ్యూనిస్టు గాంధీ అన్నారు. బిరుదులతో ఏ సంబంధమూ వద్దనుకున్న ఆయన, ఆ రెండో మాట తనకిష్టం ఉన్నా లేకున్నా ఆపలేకపోయాడు. నెల్లూరులో, విజయవాడలో ముసలివాళ్లు ఇప్పటికీ ఆయన్ని అట్లాగే తలుచుకుంటారు.